కూరగాయ మార్చాలా, వండే తీరు మార్చాలా? ఇంటి శాకాహార వంటలో ఏది ఎప్పుడు ఎంచుకోవాలి

కూరగాయల బండి మీద ఇరవై రకాలు కనిపిస్తాయి. ఇంట్లో అందరూ తినేవి లెక్కేస్తే ఏడో ఎనిమిదో. పిల్లలు కాకరకాయ ముట్టరు, మామగారికి వంకాయ పడదు, ఇంకొకరికి బెండకాయ జిగురు గిట్టదు. ఒక్కొక్కటే పక్కన పెట్టుకుంటూ పోతే చివరికి బంగాళాదుంప, దొండకాయ, టమాటా మిగులుతాయి. ‘ఇవాళ కూడా ఇదేనా’ అన్న మాట పుట్టేది అక్కడే.

దీనికి మామూలుగా రెండు దారులు పడతారు. ఒకటి కొత్త కూరగాయ కొనడం: బ్రకోలీ, బేబీకార్న్, రంగురంగుల క్యాప్సికమ్. రెండోది ఫోన్‌లో కొత్త రెసిపీ వెతకడం. మొదటిది జేబుకు బరువు. రెండోదానికి ప్రతిసారీ ఇంట్లో లేని మసాలా ఏదో ఒకటి కావాల్సి వస్తుంది, ఆ పొట్లం ఒక్కసారి వాడాక డబ్బాలో మూలన పడుతుంది. మూడో దారి మన వంటిళ్లలో ఎప్పటి నుంచో ఉంది. కాయను అలాగే ఉంచి వండే తీరునో, పులుపునో, కారాన్నో మార్చడం. నా ఓటు దీనికే. కొత్త కాయ కొనొద్దని కాదు, దాన్ని కూడా ఎప్పటిలా ఉల్లిపాయ టమాటాలో వేసి మగ్గిస్తే వారం తిరిగేసరికి పాతబడుతుంది.

వంకాయ ఒక్కటే తీసుకుందాం

లేత వంకాయలు అరకిలో ఉన్నాయనుకోండి. నాలుగు పక్షాలుగా చీల్చి ధనియాలు, శనగపప్పు, ఎండుమిర్చి వేయించి కొట్టిన కారం కూరితే కోస్తా ఇళ్లలో చేసే గుత్తి వంకాయ. అదే కాయలో పల్లీలు, నువ్వులు, కొబ్బరి నూరి కూరి, చింతపండు పులుసు పోసి దగ్గరికి రానిస్తే రాయలసీమ, తెలంగాణ రుచి. హైదరాబాదీ బగారా బైంగన్ కూడా ఈ దారిదే. కూరడానికి ఓపిక లేకపోతే ముక్కలు కోసి మగ్గించి, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర నూరిన ముద్ద కలపండి. పది నిమిషాల్లో వేరే కూర. కాయను మంట మీద కాల్చి తొక్క తీసి, పచ్చి ఉల్లిపాయ, చింతపండు రసంతో పిసికితే పచ్చి పులుసు. పెరుగు కలిపితే పెరుగు పచ్చడి. కందిపప్పుతో ఉడికిస్తే వంకాయ పప్పు. మెంతికారం చల్లితే ఇంకొకటి.

వీటిలో ఏది ఎంచుకోవాలన్నది మూడు విషయాలు తేలుస్తాయి: చేతిలో ఎంత టైమ్ ఉంది, ఆ రోజు అన్నంలోకి కలుపుకునే జారుడు వంటకం వేరే ఉందా, తినేవాళ్లు ఇంట్లో తింటారా, బాక్సులో పట్టుకెళ్తారా. పప్పుచారు ఉన్న రోజు పక్కన పొడిపొడిగా కూర ఉండాలి. పప్పూ పులుసూ లేని రోజు ముద్దగా, గ్రేవీగా ఉండే కూర కావాలి. బాక్సుకైతే పెరుగు పచ్చడి, పచ్చి పులుసు పనికిరావు. ఒకటి మధ్యాహ్నానికి పులిసిపోతుంది, రెండోది మూత సందుల్లోంచి కారుతుంది. అల్లం, కొత్తిమీర కారం పెట్టిన కూర, పులుసు దగ్గరికి ఇగిరిన గుత్తి వంకాయ బాక్సుకు బాగుంటాయి. నిజానికి గుత్తి వంకాయ మూడు గంటలు ఆగాకే రుచి.

కాయ స్వభావం చూసి వండే తీరు

అన్ని కూరగాయలకూ అన్ని తీరులూ నప్పవు. నీరుకాయలు, అంటే సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయ లాంటివాటిని వేపుడు చేయాలని పట్టుబడితే నూనె, గ్యాసు రెండూ దండగ. ముక్కలోంచి నీళ్లు వస్తూనే ఉంటాయి, అది ఇగిరేసరికి ముక్క పీచవుతుంది. వీటికి నాలుగు మంచి దారులున్నాయి. పెసరపప్పు వేసి పొడికూర, పాలు పోసిన కూర, మజ్జిగ పులుసు, రోటి పచ్చడి. పాలు పోసిన కూర ఇప్పటి పిల్లలకు తెలియకుండా పోతోంది, కానీ కారం తినలేని వృద్ధులకు, జ్వరం తగ్గినవాళ్లకు అంతకంటే నెమ్మదైన కూర లేదు. బీరకాయ ముక్కలు వాటి నీళ్లలోనే మగ్గాక మంట బాగా తగ్గించి, కాచిన పాలు పోసి రెండు నిమిషాలు ఉంచితే చాలు. టమాటా గానీ చింతపండు గానీ తగిలిందా, పాలు విరుగుతాయి. దోసకాయకు మాత్రం పాలు వద్దు. దానికి పుల్లదనమే అందం, పప్పులోకో పచ్చడిలోకో పోవాలి. వండే ముందు ముక్క కొరికి చేదు చూడటం మరవొద్దు.

బెండకాయ, చేమదుంప జిగురు కాయలు. ఇక్కడ తేల్చుకోవాల్సింది జిగురు పోగొట్టాలా, వాడుకోవాలా అని. పోగొట్టాలంటే కడిగి తుడిచి ఆరబెట్టి, వెడల్పాటి మూకుడులో మూత పెట్టకుండా వేయించాలి, ఉప్పు చివర్లో వేయాలి. మూత పెడితే ఆవిరి తిరిగి ముక్క మీదే పడుతుంది. వాడుకోవాలంటే పులుసు పెట్టండి. చింతపండు పడగానే జిగురు దారితప్పి పులుసుకు చిక్కదనం అవుతుంది. చేమదుంప, కంద గొంతులో గరగర పుట్టించేది వాటిలోని సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాల వల్ల. బాగా ఉడకాలి, పులుపు తోడుండాలి. అందుకే కంద బచ్చలిలో చింతపండు తప్పదు.

అరటికాయ, కంద, పనసపొట్టు లాంటి సొంత రుచి తక్కువగా ఉండే గట్టి కాయలకు ఆవ పెట్టడం గోదావరి జిల్లాలు, ఉత్తరాంధ్ర ఇళ్లలో ఉన్న పద్ధతి. మిగతా చోట్ల దీన్ని కష్టం అనుకుంటారు, కానీ కిటుకు ఒక్కటే. ఆవాలు, ఎండుమిర్చి నానబెట్టి నూరిన ముద్దను స్టవ్ ఆపాకే కలపాలి. ఆవాలను నీటితో నూరినప్పుడు పుట్టే ఆ ముక్కుకెక్కే ఘాటు వేడికి చచ్చిపోతుంది, మిగిలేది చేదు. బంగాళాదుంపకు ఆవ పెట్టి చూడండి, వారానికి మూడు సార్లు వండే ఆలుగడ్డ కొత్త కూరలా ఉంటుంది.

చిక్కుడు, గోరుచిక్కుడు, తోటకూర కాడలు, క్యాబేజీ వంటివి పప్పు తోడు కోరతాయి. గోరుచిక్కుడుకు పాటోళి సాటిలేనిది. శనగపప్పు రెండు గంటలు నానబెట్టి, ఎండుమిర్చి, జీలకర్రతో కచ్చాపచ్చాగా రుబ్బి, నూనెలో పొడిపొడిగా వేయించి ఉడికిన ముక్కల్లో కలుపుతారు. రుబ్బిన ముద్ద నేరుగా మూకుట్లో పడితే నూనె చాలా తాగుతుంది. ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించి, చల్లారాక చిదిపి పోపులో వేస్తే సగం నూనెతో అయిపోతుంది. రుచిలో తేడా ఉంటుందా అంటే ఉంటుంది, కొద్దిగా.

పులుపు: అసలు మలుపు ఇక్కడే

ఒకే కందిపప్పును పది రకాలుగా మార్చేది పులుపు. అయినా చాలా ఇళ్లలో పులుపంటే చింతపండు లేదా టమాటా, అంతే. ఈ రెండింటి మధ్య తేడా కూడా పెద్దగా పట్టించుకోరు. చింతపండు లోతైన పులుపు, కారాన్నీ బెల్లాన్నీ రెంటినీ మోస్తుంది, రెండో రోజుకు ఇంకా బాగుంటుంది. అందుకే పులుసులకు అదే. టమాటా తేలికపాటి పులుపు, కాస్త తీపి. కానీ హైబ్రిడ్ టమాటాలో పులుపు అంతంత మాత్రం. ఆ కాయలతో చారు పెట్టి, రుచి రాలేదని ఇంకో రెండు వేయడం కంటే చిన్న చింతపండు రెబ్బ వేస్తే పని అయిపోతుంది.

మామిడికాయ ఎండాకాలపు పులుపు. పప్పులో వేస్తే ఇంకేమీ అక్కర్లేదు. ముక్క త్వరగా కరిగిపోతుంది కాబట్టి పప్పు ఉడికాకే వేయాలి. చింతచిగురు ఉగాది తర్వాత కొద్ది వారాలే దొరుకుతుంది, అప్పుడు వదులుకోవద్దు. నీడలో ఎండబెట్టి పొడి చేసుకుంటే తర్వాత కూడా వాడుకోవచ్చు. ఆకుకూరల్లో గోంగూర, చుక్కకూర రెండూ పులుపే. గోంగూర గట్టి పులుపు, నూనె బాగా కోరుతుంది, వెల్లుల్లి, ఎండుమిర్చి ఉంటేనే నిలుస్తుంది. చుక్కకూర మెత్తనిది, గరిటెతో తిప్పేలోపే కరిగిపోతుంది. ఆఫీసు హడావిడిలో ఆకుకూర పప్పు కావాలంటే చుక్కకూరే నా ఎంపిక, కోయడానికి కూడా కష్టం లేదు. వానాకాలంలో కోస్తా వైపు వాక్కాయలు వస్తాయి. మామిడికాయ వెళ్లిపోయిన లోటు అవి తీరుస్తాయి. గింజ తీయాలంతే.

నిమ్మరసం అన్నిటికంటే సులువు, అన్నిటికంటే ఎక్కువగా పాడుచేసేది కూడా అదే. మరిగే దాంట్లో పిండితే చేదు ఎక్కుతుంది, విటమిన్ సి కూడా వేడికి తగ్గిపోతుంది. దించాక, కాస్త ఆవిరి తగ్గాక పిండాలి. ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి విటమిన్ సి సాయపడుతుంది కాబట్టి తోటకూర పప్పు మీద చివర్లో నిమ్మకాయ పిండటం రుచికే కాదు, ఒంటికి కూడా మంచిది. ఇక భోజనం కాగానే టీయో కాఫీయో తాగే అలవాటు ఆ లాభాన్ని చాలావరకు తినేస్తుంది. గంట ఆగితే మేలు.

మజ్జిగ పులుపు గురించి ఒక మాట. మజ్జిగ పులుసు విరిగిపోతుందన్న భయంతో చాలామంది దాని జోలికి పోరు. మజ్జిగలో శనగపిండో, నానబెట్టిన శనగపప్పూ బియ్యమూ అల్లం పచ్చిమిర్చితో రుబ్బిన ముద్దో ముందే కలిపి, సన్న మంట మీద కలుపుతూ ఉంటే విరగదు. పొంగు రాగానే దించేయాలి. ఫ్రిజ్‌లో పులిసిపోయి, పారబోయాలా వద్దా అని చూస్తున్న పెరుగుకు ఇంతకంటే మంచి దారి లేదు.

ఏ పులుపైనా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. పుల్లటి నీళ్లలో పప్పూ ముక్కా మెత్తబడవు. పప్పు కుక్కర్‌లో పెట్టేటప్పుడే చింతపండు వేసి, ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకలేదని కొట్టువాడిని తిట్టుకునేవాళ్లు ఉంటారు. బోరు నీళ్లు, పాత పప్పు కూడా కారణం కావచ్చు, అప్పుడు అరగంట నానబెట్టడం తప్ప మార్గం లేదు.

ఏ పప్పు?

కందిపప్పు మన ఇళ్లకు రాజు, సందేహం లేదు. ఏ పులుపునైనా, ఏ ఆకునైనా పట్టుకుంటుంది. అయితే రోజూ అదే వండితే ఏ కాయ వేసినా నాలుక్కి ఒకటే తెలుస్తుంది. వారంలో రెండు రోజులు పెసరపప్పుకు ఇవ్వండి. నానబెట్టక్కర్లేదు, కుక్కర్ లేకపోయినా గిన్నెలో ఇరవై నిమిషాల్లో ఉడుకుతుంది, తేలిగ్గా అరుగుతుంది. దోరగా వేయించి ఉడికిస్తే వాసన వేరే స్థాయి. కానీ దీనికి బరువైన చింతపండు నప్పదు. నిమ్మ, మామిడి, కొబ్బరి దాని స్నేహితులు. ఎర్ర పప్పు, అంటే మసూర్, అన్నిటికంటే త్వరగా ఉడుకుతుంది. బ్యాచిలర్ గదుల్లో, ఒకే బర్నర్ ఉన్నచోట అదే మేలు. ఇంట్లో పూజలు, వ్రతాలు పాటించేవాళ్లు కొందరు దాన్ని వాడరు, అది వేరే సంగతి. శనగపప్పు నేరుగా పప్పుగా కంటే కాయకు తోడుగా బాగుంటుంది.

పొట్టు తీయని గింజలను మనం టిఫిన్లకూ గుగ్గిళ్లకూ వదిలేశాం. ఉలవలు రాత్రంతా నానబెట్టి ఉడికించిన నీళ్లతో చారు, మిగిలిన గింజలతో గుగ్గిళ్లు. ఒక్కసారి వండితే రెండు వంటకాలు. బొబ్బర్లు, తెలంగాణలో బబ్బెర్లంటారు, వాటితో మసాలా కూర చేస్తే జొన్నరొట్టెలోకి, చపాతీలోకి రాజ్మా అవసరం ఉండదు. సెనగలు, పచ్చ బఠాణీ సంగతి అందరికీ తెలిసిందే.

ప్రోటీన్ విషయంలో ఈ పప్పుల మధ్య పెద్ద తేడా లేదు. పచ్చి పప్పు 100 గ్రాములకు దాదాపు 20 నుంచి 24 గ్రాములు. కాబట్టి ఏది మంచిదని టెన్షన్ పడక్కర్లేదు. ఎంత వేస్తున్నామన్నదే అసలు సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 లో ఇచ్చిన సూచనల ప్రకారం 2000 కేలరీల ఆహారంలో రోజుకు పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉండాలి. నలుగురున్న ఇంట్లో రోజుకు ఒక చిన్న గ్లాసు కందిపప్పు పోసి, దాన్నే రెండు పూటలా నీళ్లచారుగా సాగదీస్తే ఆ లెక్కకు దరిదాపుల్లోకి కూడా రాము. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంది. పప్పన్నం జోడీ అందుకే కుదిరింది, కాకపోతే పళ్లెంలో అన్నం కొండలా, పప్పు గరిటెడు అయితే ఆ జోడీ పేరుకే. బి12 మాత్రం ఏ పప్పులోనూ కాయలోనూ లేదు. శాకాహారులకు పాలు, పెరుగే దిక్కు. అవి కూడా మానేసినవాళ్లు డాక్టరును అడిగి మాత్రలు వాడాలి.

కారం డబ్బాలు

వేపుడు ఒకటే, చివర్లో చల్లే పొడి మారితే కూర మారినట్టే. దొండకాయకు కొబ్బరి కారం, బెండకాయకు పల్లీ పొడి, కాకరకాయకు వెల్లుల్లి కారం లేదా ఉల్లికారం, అరటికాయకు ధనియాలు, పప్పులు వేయించి కొట్టిన కూరపొడి, బీరకాయ పొడికూరకు నువ్వుల పొడి. ఇన్నీ ఒకేసారి చేసి పెట్టుకోవాలని ఉత్సాహం పుడుతుంది. వద్దు. నువ్వులు, పల్లీలు, ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, కొన్ని వారాల్లో కనరు వాసన వస్తుంది. కూరపొడి నెల పాటు నిలుస్తుంది, అది ఎక్కువ కొట్టుకోవచ్చు. పుట్నాల పప్పు పొడి కూడా అంతే. కొబ్బరి, నువ్వుల పొడులు వారం పది రోజులకు సరిపడా చాలు. ఒక నిలవ పొడి, ఒక తాజా పొడి, ఈ రెండూ ఉంటే చాలనేది నా అభిప్రాయం. అన్నం, నెయ్యి, పొడితో ఒక పూట గట్టెక్కిన రోజులు ఎవరికి లేవు?

కొనే పొడులకు, ఇంట్లో కొట్టుకున్నవాటికి మధ్య ఎంచుకోవాలంటే కూరపొడి ఇంట్లోనే. పప్పులు చల్లారాక మిక్సీలో వేయడం తప్ప అందులో నైపుణ్యం ఏమీ లేదు. సాంబారు పొడి, గరం మసాలా కొనుక్కున్నా పర్వాలేదు. కార్తీకమాసంలో, పండగ రోజుల్లో ఉల్లి, వెల్లుల్లి మానేసేవాళ్లకు ఈ పొడులే ఆధారం. ఆ రోజుల్లో ఇంగువ, కొబ్బరి, ఆవ వంతులవారీగా వాడితే ఉల్లి లేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు.

పనీర్, మీల్‌మేకర్, పుట్టగొడుగులు

అతిథులు వస్తే పనీర్ అనే అలవాటు బాగా పెరిగింది. వండటం తేలిక, పిల్లలు తింటారు, నిజమే. కానీ కొవ్వు ఎక్కువ, ధర ఎక్కువ, రుచంతా గ్రేవీదే. ప్రోటీన్ కోసమైతే మీల్‌మేకర్ చాలా చవక. దాని వాసన నచ్చని వాళ్లు వేడి నీళ్లలో నానబెట్టి గట్టిగా పిండి, మళ్లీ ఒకసారి కడిగి వాడండి, తేడా తెలుస్తుంది. పుట్టగొడుగులు రుచిలో మాంసాహారానికి దగ్గరగా ఉంటాయని కొందరికి ఇష్టం, సరిగ్గా అందుకే కొందరు తినరు. ఇంటికి పిలిచిన పెద్దవాళ్లకు వండేముందు అడిగి వండండి. నన్నడిగితే చుట్టాలకు పనీర్ బటర్ మసాలా కంటే పనసపొట్టు కూరో, ముక్కల పులుసో, గుత్తి వంకాయో పెడతాను. పనీర్ వాళ్లు హోటల్లో ఎలాగూ తింటారు.

అన్నమా, రొట్టెనా, సంగటా

కూరకు ఎంత ఆలోచిస్తామో దాని కింద ఉండే అన్నానికి అంత ఆలోచించం. జొన్నరొట్టె చేస్తే పక్కన చారు పనికిరాదు. చిక్కటి పప్పు, ఆకుకూర, వంకాయ, పల్లీల పచ్చడి కావాలి. రాగి సంగటిలోకి రాయలసీమలో పల్లీలతో నూరే ఊరుబిండి పచ్చడి, ఆకుకూర పప్పు తింటారు. రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, పాలు పడనివాళ్లు దీన్ని పట్టించుకోవాలి. కొర్రలు, సామలు అన్నంలా వండుకోవచ్చు గానీ అవి పొడిగా ఉంటాయి. వేపుడుతో తింటే గొంతు దిగదు, పులుసో మజ్జిగ పులుసో ఉండాలి. మొదటిసారి మిల్లెట్లు వండి ఇంటివాళ్లు పక్కకు తోసేశారంటే చాలాసార్లు తప్పు కొర్రలది కాదు, పక్కనున్న దొండకాయ వేపుడుది.

ముందే రాసుకోవాలా, అప్పటికప్పుడు తేల్చుకోవాలా

వారం మెనూ రాసి ఫ్రిజ్ మీద అతికించేవాళ్లున్నారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో, వంట మనిషి వచ్చే ఇళ్లలో అది పనిచేస్తుంది. మిగతా ఇళ్లలో మూడో రోజుకే తప్పుతుంది. మెనూలో మంగళవారం బీరకాయ అని ఉంటుంది, బండి మీద ఆ రోజు బీరకాయ ముదిరిపోయి ఉంటుంది. పూర్తిగా అప్పటికప్పుడు తేల్చుకుంటే చేయి ప్రతిసారీ బంగాళాదుంప మీదకే పోతుంది.

వీటి మధ్యలో ఒక దారి ఉంది. కూరగాయ పేరు రాయకుండా వండే తీరు మాత్రం రాసుకోవడం. సోమవారం పప్పు, పొడికూర. మంగళవారం పులుసు. బుధవారం ఆకుకూర, రోటి పచ్చడి. గురువారం పెసరపప్పు లేదా పాలు పోసిన కూర. శుక్రవారం గింజలు. శనివారం మజ్జిగ పులుసు. ఆదివారం కూరిన కూర, ఎవరికి ఓపిక ఉంటే వాళ్లు చేస్తారు. ఏ కాయ దొరికితే దాన్ని ఆ రోజు తీరులో పెట్టేయడమే. ఇది కాగితం మీద చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ దుకాణంలో ఆలోచన తగ్గుతుంది, వారంలో ఒకే రుచి రెండుసార్లు రాదు. నానబెట్టాల్సినవి ముందురోజు రాత్రి గుర్తుంటాయి కూడా.

ఉదయం ఏడు గంటలకు బాక్సు కట్టాల్సినవాళ్లకు ఒక మాట. కుక్కర్‌లో కింద పప్పు, పై గిన్నెలో బియ్యం పెట్టి, పక్క బర్నర్ మీద వేపుడు వేస్తే అరగంట పని. రాత్రే కోసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోవడానికి దొండ, చిక్కుడు, బీన్స్, క్యాబేజీ మంచివి. వంకాయ, అరటికాయ నల్లబడతాయి, ఉప్పు నీళ్లలో వేసినా రాత్రంతా ఆగవు. బెండకాయ కోసి ఉంచినా ఆరినట్టే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

అమెరికాలో తెలుగువాళ్లు క్రాన్‌బెర్రీలతో పప్పు చేయడం మొదట్లో వింతగా అనిపించినా, రుచి చూస్తే వాక్కాయ పప్పుకు దగ్గరే. చలికాలంలో పచ్చి క్రాన్‌బెర్రీలు దొరికినప్పుడు కొని ఫ్రీజర్‌లో పెట్టుకుంటే మామిడికాయ కోసం ఇండియన్ స్టోర్ దాకా పోనక్కర్లేదు. బీరకాయ దొరకనిచోట జుకినీతో పాలు పోసిన కూర, పెసరపప్పు కూర బాగా వస్తాయి, పచ్చడి మాత్రం తేలిపోతుంది. బ్రసెల్స్ స్ప్రౌట్స్‌కు ఆవ పెట్టడం కూడా కుదురుతుంది, రెండూ ఒకే కుటుంబానివి. డబ్బాలో వచ్చే నల్ల చింతపండు గుజ్జు వాడేటప్పుడు చెంచా తగ్గించండి, అది చాలా గాఢంగా ఉంటుంది, పులుసు నల్లబడుతుంది. పచ్చికొబ్బరి కోరు ఫ్రోజన్‌ది బాగానే ఉంటుంది. ఫ్రోజన్ బెండకాయ వేపుడుకు పనికిరాదు, పులుసుకు పర్వాలేదు.

రాత్రికి

మధ్యాహ్నం పూర్తి భోజనం తిన్నవాళ్లు రాత్రి మళ్లీ కూర వండాలా అన్నది రోజూ వచ్చే ప్రశ్నే. ఇక్కడ టిఫిన్‌ను భోజనంగా చూడటం మేలు. పెసరట్టుకు పిండి పులియక్కర్లేదు, పొద్దున నానబోసిన పెసలు సాయంత్రానికి సిద్ధం, ప్రోటీన్ కూడా అందులోనే ఉంది. దిబ్బరొట్టెకు మినప్పప్పు నానబెట్టాలి, కానీ మూత పెట్టి సన్నమంట మీద వదిలేస్తే తనే కాలుతుంది. సర్వపిండికి నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, బియ్యప్పిండి ఉంటే చాలు, పక్కన ఏ కూరా అడగదు. ఏమీ నానబెట్టని రాత్రి ఉగ్గాణి. బొరుగులు నీళ్లలో ముంచి పిండి, ఉల్లిపాయ పోపులో వేసి పుట్నాల పొడి చల్లితే పావుగంట. ఉప్మా ఈ వరుసలో చివరన ఎందుకంటే, అందులో పప్పూ లేదు, కూరగాయా లేదు, మనం వేస్తే తప్ప. క్యారెట్, బీన్స్, గుప్పెడు వేయించిన పల్లీలు, పక్కన గోంగూర పచ్చడి పెడితే అప్పుడు దానికీ చోటు ఇవ్వొచ్చు. మధ్యాహ్నం మిగిలిన పొడికూర ఉంటే దాన్ని దోసె మీద పరిచి మడిచేయండి. బంగాళాదుంప ఆవ కూర మిగిలితే ఇంకా మంచిది.